షావుకారు ఓడ, దర్గా మొక్కు, పోలీసు బందోబస్తు

పందొమ్మిదో శతాబ్దంలో విశాఖపట్నంలో కోర్టుకెక్కిన ఓ లెక్కల తగాదా ఇది. వాది ఓడ యజమాని, కోమటి షావుకారు. ప్రతివాది ఆ ఓడను నడిపిన ముస్లిం తండేలు. సరుకు అమ్మకాలు, దారి ఖర్చులు చూసుకున్నదీ అతనే. అరకాన్ తీరం దగ్గర ఓడ గాలివానలో చిక్కుకుంది. విశాఖ కొండ మీది దర్గాకు ఓ రూపాయల సంచి ఇస్తానని తండేలు మొక్కుకున్నాడు. గాలివాన గండం గట్టెక్కి ఊరు చేరాక, మొక్కు తీర్చానని చెప్పి ఆ సొమ్మును యజమాని పద్దులో ఖర్చు రాశాడు. షావుకారు ఒప్పుకోలేదు. ఆయన వాదనంతా ఒకటే: సొమ్ము దర్గాకు ముట్టనే లేదని. తుఫానులో ఫకీరుకు మొక్కుకోవడం సబబేనా అంటే మాత్రం, సబబేనని వినయంగా ఒప్పుకున్నాడు.

ఈ ముచ్చటను 1869 నాటి విశాఖపట్నం జిల్లా మాన్యువల్‌లో డి.ఎఫ్. కార్మికేల్ రాసిపెట్టాడు. దొరగారి కలం కాబట్టి కాస్త ఎకసెక్కం వినిపిస్తుంది. అది పక్కన పెట్టి చూస్తే విశాఖ గతం గురించి ఇంత పనికొచ్చే సాక్ష్యం మరొకటి దొరకడం కష్టం. షావుకారుకు తండేలు మీద అనుమానం వచ్చింది, అదీ పద్దు గురించి. పోట్లాడుకున్నారు, కోర్టుకు వెళ్లారు, ఒకరి మాట ఒకరు నమ్మలేదు. అయినా ఆ తగవు డబ్బు దగ్గరే ఆగింది. దర్గా గుమ్మం దాకా పోలేదు, పేటల మీదికి అంతకన్నా పోలేదు. మత సామరస్యం అనగానే మూడు మతాల పెద్దలు చేతులు పట్టుకుని నిలబడ్డ ఫొటో గుర్తొచ్చేవాళ్లు ఈ కేసును తప్పక తలచుకోవాలి.

దర్గా ఇప్పటికీ అక్కడే ఉంది. పాతనగరం వైపు నుంచి హార్బర్ ముఖద్వారం దగ్గరికి వెళితే మూడు చిన్న కొండలు కనబడతాయి. ఒకదాని మీద ఇషాక్ మదీనా బాబా దర్గా. మరొకటి రాస్ హిల్: రాస్ అనే ఆయన 1864లో అక్కడ ఇల్లు కట్టుకున్నాడు, తర్వాత ఆ ఇల్లే మరియమాత ప్రార్థనాలయం అయింది. ఇంకో కొండ మీద వేంకటేశ్వరస్వామి గుడి. దాన్ని 1866లో బ్లాక్‌మూర్ అనే యూరోపియన్ కెప్టెన్ కట్టించాడని చెబుతారు. హార్బర్‌లోకి వచ్చే ఓడలు, బయటికి వెళ్లే ఓడలు దర్గాకు గౌరవంగా జెండాను మూడుసార్లు దించి ఎగరేసేవని పాత రికార్డులు చెబుతున్నాయి. ప్రయాణం లాభించిన హిందూ ఓడ యజమానులు వెండితో చేయించిన చిన్న దోనెలను దర్గాకు సమర్పించేవారు. బంగాళాఖాతం మీద బాబాకు పట్టు ఉందని వాళ్ల నమ్మకం. సముద్రం మీద వ్యాపారం చేసేవాడికి సముద్రాన్ని అదుపులో ఉంచేవాడు ఎవరైనా కావలసినవాడే.

డిసెంబర్ 8న రాస్ హిల్ ఎక్కే జనంలో క్రైస్తవులు కానివాళ్లు కూడా ఉంటారు. కొండ దిగి కాస్త దూరం నడిస్తే బురుజుపేట కనకమహాలక్ష్మి. 1912లో బావిలో దొరికిన విగ్రహం. ఆ గుడికి పైకప్పు లేదు. ఎవరి పూజ వారే చేసుకోవచ్చు, పసుపు కుంకుమలు స్వయంగా అమ్మవారికి అద్దవచ్చు. మార్గశిర గురువారాల్లో క్యూలో నిలబడ్డవాళ్లను నీ కులమేమిటి, మతమేమిటి అని అడిగేవాళ్లు లేరు.

ఇక్కడిదాకా అందరూ చెప్పే కథే. టూరిజం శాఖ కరపత్రాలు కూడా ఇక్కడే ఆగిపోతాయి. కానీ విశాఖ జ్ఞాపకాల్లో సామరస్యం ఒక్కటే లేదు. పద్దెనిమిదో శతాబ్దపు కవి గోగులపాటి కూర్మనాథుడు సింహాద్రి నారసింహ శతకం చెప్పిన సందర్భం గురించి ఒక కథ ఉంది. సింహాచలం మీదికి తురక సైన్యం వచ్చిందనీ, కవి మొర విని స్వామి తుమ్మెదల దండును పంపాడనీ, అవి సైన్యాన్ని తుమ్మెదల మెట్ట దాకా తరిమాయనీ చెబుతారు. ఇదీ ఈ ఊరి కథే. ఒకే ఊళ్లో దర్గాకు వెండి దోనె ఇచ్చిన జ్ఞాపకం, గుడి మీదికి వచ్చిన దండును తరిమిన జ్ఞాపకం పక్కపక్కన బతుకుతూ వచ్చాయి. ఏ జ్ఞాపకాన్ని ఎప్పుడు బయటికి తీయాలన్నది తీసేవాళ్ల అవసరాన్ని బట్టి ఉంటుంది. అలా తీసినప్పుడు ఊరు ఏం చేస్తుంది, ఊరితో కలిసి పోలీసు ఏం చేస్తాడు అన్నదే అసలు సంగతి.

పోలీసు అనేవాడు ఈ తీరానికి ఎలా వచ్చాడో ముందు చూడాలి. మద్రాసు రాజధానిలో 1816 నాటి 11వ రెగ్యులేషన్ ప్రకారం కలెక్టరే మేజిస్ట్రేటు, తహసీల్దారే పోలీసు అధిపతి, ఊళ్లో గ్రామ మునసబు, తలారి. శిస్తు వసూలు చేసే చేయి, దొంగను పట్టే చేయి ఒకటే. ఆ రెండు పనులూ ఒకచోట చేరితే ఏమవుతుందో చిత్రహింసలపై వేసిన విచారణ సంఘం 1855లో ఇచ్చిన నివేదికలో ఉంది. మద్రాసు రాజధానిలో రైతుల మీద, అనుమానితుల మీద జరిగిన హింసను ఆ సంఘం నమోదు చేసింది. 1857 తిరుగుబాటు భయం కూడా తోడై, 1859లో మద్రాసు పోలీసు చట్టం వచ్చింది. విలియం రాబిన్సన్ మొదటి ఇన్‌స్పెక్టర్ జనరల్. రెవెన్యూ నుంచి పోలీసును విడదీసి, యూనిఫాం తొడిగి, జిల్లాకో సూపరింటెండెంటును పెట్టారు. అంటే మన ప్రాంతంలో ఆధునిక పోలీసు పుట్టుకలోనే జనం ఫిర్యాదు ఉంది. ఈ సంగతి పోలీసు శిక్షణ కళాశాలల్లో ఎంత గట్టిగా చెబుతారో గానీ, చెప్పదగిన సంగతి.

ఆ కొత్త పోలీసుకు మొదటి పెద్ద పరీక్ష మద్రాసు రాజధానిలోని సేలంలో ఎదురైంది. 1882లో అక్కడ ఒక మసీదు ముందు నుంచి వాయిద్యాలతో ఊరేగింపు వెళ్లడం మీద రేగిన గొడవ అల్లర్లకు దారి తీసింది. మసీదు కూలింది, మనుషులు చనిపోయారు. తర్వాత కాంగ్రెస్ అధ్యక్షుడైన సి. విజయరాఘవాచారిని ఆ కేసులో ఇరికించారు, చివరికి ఆయన నిర్దోషిగా బయటపడ్డాడు. ఆ అల్లర్ల నుంచే ఊరేగింపు చట్టం రూపు దిద్దుకుంది. బజారు అందరిది, ఎవరైనా తమ ఆచారం ప్రకారం వాయిద్యాలతో వెళ్లవచ్చు, అయితే శాంతిభద్రతల కోసం అధికారులు పెట్టే షరతులకు లోబడాలి. మద్రాసు హైకోర్టు చెప్పిన ఈ సూత్రాన్నే 1924లో మంజూర్ హసన్ కేసులో ప్రీవీ కౌన్సిల్ ఖాయం చేసింది. వినడానికి బాగానే ఉంది. కానీ చట్టం హక్కు గురించి చెప్పి, మిగతాది అధికారి విచక్షణకు వదిలేసింది. ఏ సందులో డప్పు ఆపాలి, ఏ వేళకు ఊరేగింపు కదలాలి, ఎవరిని ముందు నడిపించాలి అన్నది చట్టంలో లేదు. అది ఊరిని ఎరిగినవాడికే తెలుస్తుంది. ఊరు తెలియని అధికారికి ఉన్న దారి ఒక్కటే: లాఠీలు, 144వ సెక్షన్. 2024 జూలై నుంచి కొత్త నేర విచారణ సంహితలో అది 163వ సెక్షన్ అయింది. అలవాటు మాత్రం పాతదే.

విశాఖలో ఆ విచక్షణను ఎవరు నేర్పారు? ఎక్కువగా హార్బరే. 1933 అక్టోబర్ 7న జలదుర్గ అనే ఓడ కొత్త హార్బర్‌లోకి వచ్చింది. 1941లో సింధియా కంపెనీ ఓడల నిర్మాణానికి బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. 1948 మార్చిలో నెహ్రూ జలఉషను నీళ్లలోకి వదిలారు. ఓడ మీద సరుకు దించే కళాసీల ముఠాలోకి శ్రీకాకుళం నుంచి, ఒడిశా నుంచి, ఇంకా దూరం నుంచి మనుషులు వచ్చారు. ముఠా పనిలో కూలి ముఠాకే వస్తుంది, దాన్ని పంచుకోవాలి. పక్కవాడి మతం నచ్చకపోయినా, బస్తా రెండో కొన పట్టుకునేది వాడే. తర్వాత వచ్చిన షిప్‌యార్డు, రిఫైనరీ, ఉక్కు కర్మాగారాల్లో యూనియన్లు ఈ కలయికకు సభ్యత్వ పుస్తకం, చందా రసీదు, ఎన్నిక ఇచ్చాయి.

ఈ చందా రసీదు చాలా పెద్ద విషయం. అశుతోష్ వార్ష్ణే అనే రాజనీతి శాస్త్రవేత్త 1950 నుంచి 1995 దాకా దేశంలోని హిందూ ముస్లిం కలహాలను లెక్కగట్టి, 2002లో ఒక పుస్తకం తెచ్చాడు. ఆ కలహాల మరణాల్లో దాదాపు 46 శాతం ఎనిమిది నగరాల్లోనే జరిగాయని తేల్చాడు. అందులో హైదరాబాద్ ఉంది, విశాఖ లేదు. ఆయన వాదన: పక్కింటివాళ్లు పండగకు స్వీట్లు పంచుకోవడం మంచిదే గానీ, పెద్ద నగరంలో ఎవరో పనిగట్టుకుని మంట పెట్టినప్పుడు ఆ పరిచయం నిలవదు. నిలిచేది రెండు మతాలవాళ్లు సభ్యులుగా ఉన్న సంఘాలే. యూనియన్, వర్తక సంఘం, డాక్టర్ల సంఘం, పార్టీ శాఖ, ఆటల క్లబ్బు: వీటిలో ఉన్నవాళ్లకు అల్లరి జరిగితే నష్టం కాబట్టి వాళ్లు దాన్ని ఆపుతారు, పోలీసుకు ముందే కబురు పంపుతారు. విశాఖలో ముస్లింల జనాభా తక్కువ కాబట్టి గొడవలు లేవని కొందరు తేలిగ్గా తీసేస్తారు. అందులో కొంత నిజం ఉంది. కానీ తక్కువమంది ఉన్నచోట కూడా కలహాలు రేగిన ఊళ్లు దేశంలో బోలెడు. జనాభా లెక్క ఒక్కటే జవాబు కాదు.

విశాఖ పోలీసు చేతికి అంటిన పెద్ద మరక మతానికి సంబంధించింది కాదు. 1966 అక్టోబర్‌లో టి. అమృతరావు ఉక్కు కర్మాగారం కోసం నిరాహారదీక్షకు కూర్చున్నాడు. తెన్నేటి విశ్వనాథం వంటి నాయకులు అన్ని పార్టీలను ఒక తాటి మీదికి తెచ్చారు. నవంబర్ 1న, రాష్ట్ర అవతరణ దినం నాడే, విశాఖలో పోలీసులు కాల్పులు జరిపారు. రాష్ట్రమంతటా ఆ ఉద్యమంలో 32 మంది చనిపోయారని చెబుతారు. 1970 ఏప్రిల్ 17న ఇందిరాగాంధీ పార్లమెంటులో విశాఖకు ఉక్కు కర్మాగారం ప్రకటించారు, 1971 జనవరి 20న శంకుస్థాపన జరిగింది. ఆ ఉద్యమం విశాఖకు రెండు ఇచ్చి వెళ్లింది. ఒకటి, కులమతాలు కలిసి ఒక కోరిక కోసం వీధికి వచ్చిన అనుభవం. రెండు, పోలీసు మీద అపనమ్మకం. రెండోది పోగొట్టడానికి ఏళ్లు పట్టింది. 1983లో నగరానికి పోలీసు కమిషనరేట్ వచ్చాక మేజిస్ట్రేటు అధికారాలు కూడా పోలీసు చేతికే వచ్చాయి. కలెక్టరు దగ్గరికి పరుగెత్తాల్సిన అవసరం తగ్గింది. అంటే విచక్షణ మరింత పెరిగింది, బాధ్యతా అంతే పెరిగింది.

అపనమ్మకం ఏం చేస్తుందో చూడాలంటే హైదరాబాద్ వెళ్లాలి. 1978 మార్చిలో నల్లకుంట పోలీస్ స్టేషన్‌లో ఒక ముస్లిం మహిళపై అత్యాచారం జరిగింది, ఆమె భర్త చనిపోయాడు. నగరం భగ్గుమంది. మొదట జనం కోపం పోలీసు మీదే. హిందువులూ ముస్లింలూ కలిసే వీధికెక్కారు. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులను తప్పుపట్టింది. కేసు కర్ణాటకలోని రాయచూరుకు బదిలీ అయి, నిందితులు నిర్దోషులుగా బయటికి వచ్చారు. స్టేషన్ మీద నమ్మకం పోయిన పేటల్లో శాంతి కమిటీ పిలుపుకు ఎవరొస్తారు? ఆ తర్వాతి పన్నెండేళ్లలో పాతబస్తీ ఎన్నిసార్లు కర్ఫ్యూ చూసిందో అక్కడివాళ్లకు తెలుసు. 1990 డిసెంబర్ అల్లర్లలో నూరుమందికి పైగా చనిపోయారు. గంగా జమునా సంస్కృతి, ఇరానీ చాయ్, మొహర్రం షర్బత్: ఇవన్నీ ఉన్న నగరమే అది. వార్ష్ణే చెప్పిందానికి హైదరాబాద్‌ను మించిన ఉదాహరణ అక్కర్లేదు.

ఆ బూడిద నుంచి వచ్చిన మంచి పని కూడా ఉంది. స్వచ్ఛంద సంస్థలు కలిసి ఏర్పరచుకున్న కోవా అనే సమాఖ్య పాతబస్తీలో ఆడవాళ్ల పొదుపు, కుట్టుపని, చదువుల చుట్టూ రెండు మతాలవాళ్లను కలిపింది. శాంతి గురించి ఉపన్యాసాలు ఇవ్వలేదని కాదు, కానీ ముందు బతుకుతెరువు పట్టుకుంది. 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలింది, ఆ తర్వాత పోలీసు కాల్పుల్లోనూ మనుషులు చనిపోయారు. పేలుళ్ల పేరుతో పట్టుకున్న ముస్లిం యువకుల్లో చాలామందిని కోర్టులు నిర్దోషులన్నాయి. కొన్నేళ్లకు రాష్ట్ర ప్రభుత్వం వాళ్లకు పరిహారం, మంచి నడవడిక ధ్రువపత్రాలు ఇచ్చింది. పరిహారాన్ని తర్వాత హైకోర్టు కొట్టేసింది. అయినా తప్పు జరిగిందని ప్రభుత్వం కాగితం మీద ఒప్పుకోవడం తెలుగు నేల మీద అరుదైన సంఘటన. పోలీసు, పౌర సమాజం కలిసి పనిచేయాలంటే మొదటి మెట్టు అదే అనిపిస్తుంది. ఒప్పుకోని చోట కూర్చోబెట్టి మాట్లాడించడం కుదరదు.

ఇంతకన్నా బాగా కుదిరిన కథ మహారాష్ట్రలోని భివండీది. అదీ మనవాళ్లు ఉన్న ఊరే. తెలంగాణ జిల్లాల నుంచి వెళ్లిన పద్మశాలీలు, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన అన్సారీలు అక్కడ పవర్‌లూమ్‌ల మీద పక్కపక్కన పనిచేస్తారు. 1970లో, 1984లో భివండీ కాలిపోయింది. 1988లో డీసీపీగా వచ్చిన సురేశ్ ఖోపడే ఊరి రికార్డులన్నీ తిరగేసి, పేటకొకటి చొప్పున డెబ్బై దాకా మొహల్లా కమిటీలు పెట్టాడు. హిందువులు, ముస్లింలు సమానంగా. పేరుమోసిన నాయకులను కాకుండా, నేరచరిత్ర లేని మామూలు మనుషులను తీసుకున్నాడు. ఒక్కో కమిటీకి కింది స్థాయి పోలీసును జతచేశాడు. గొడవలున్నా లేకపోయినా కూర్చునేవాళ్లు. నీళ్ల పంపు దగ్గర పోట్లాట, అద్దె తగాదా, పిల్లల కొట్లాట, అన్నీ అక్కడికే వచ్చేవి. 1992 డిసెంబర్‌లో బాబ్రీ మసీదు కూలాక ముంబైలో 900 మంది చనిపోయారు. కూతవేటు దూరంలో ఉన్న భివండీ నిబ్బరంగా నిలబడింది. ముంబై ఆ పాఠాన్ని ఆలస్యంగా నేర్చుకుంది: 1994లో మాజీ పోలీసు కమిషనర్ జూలియో రిబేరో, అప్పటి కమిషనర్ సతీశ్ సాహ్నీ, సుశోభా బర్వే వంటి పౌరులు కలిసి అక్కడ మొహల్లా కమిటీల ఉద్యమం మొదలుపెట్టారు.

ఖోపడే కమిటీల్లో గమనించాల్సింది నీళ్ల పంపు తగాదా. మతం గురించి మాట్లాడటానికి కూర్చుంటే మొదటి రోజే అందరూ పెద్దమనుషులై పోతారు, మంచి మాటలు చెప్పి ఇళ్లకు వెళ్లిపోతారు. నీళ్ల గురించి కూర్చుంటే అసలు మనుషులు బయటపడతారు. ఎవడు మాట మీద నిలబడతాడో, ఎవడి మాట పేట వింటుందో, ఎవడు రాత్రి ఒకటి పగలు ఒకటి చెబుతాడో కానిస్టేబుల్‌కు ఆరు నెలల్లో తెలిసిపోతుంది. అల్లరి రోజున ఎవరికి ఫోన్ చేయాలో అతనికి వెతుక్కోవలసిన పని ఉండదు.

మన రాష్ట్రంలో ఈ ప్రయత్నం లేదని కాదు. 2000 సంవత్సరం ప్రాంతంలో మైత్రి పేరుతో జనంతో కలిసి పనిచేసే పోలీసు పథకం వచ్చింది. పండగలకు ముందు ప్రతి స్టేషన్‌లో శాంతి కమిటీ సమావేశం ఎలాగూ ఉంటుంది. వినాయక చవితికి మండపాల నిర్వాహకులను పిలుస్తారు. మైకు ఎంతసేపు, విగ్రహం ఎత్తెంత, నిమజ్జనం ఏ దారిన, ఎవరు బాధ్యులు అని రాసుకుంటారు. రౌడీషీటర్లను బైండోవర్ చేస్తారు. ఇమామ్ గారు, ఫాదర్ గారు, గుడి ధర్మకర్త మాట్లాడతారు. టీ, బిస్కెట్లు, ఫొటో, పత్రికా ప్రకటన. మర్నాటి పేపర్లో వార్త. ఆపైన వచ్చే ఏడాది దాకా ఆ కమిటీ ఊసు ఎవరికీ గుర్తుండదు. బందోబస్తుగా చూస్తే ఇది చక్కని ఏర్పాటే. దీన్ని సామరస్యం అనడమే పొరపాటు.

ఈ తేడా ఎంత ముఖ్యమో ఉత్తరాంధ్రకు 2020 చివర్లో తెలిసొచ్చింది. విజయనగరం జిల్లా నెల్లిమర్ల మండలం రామతీర్థంలో బోడికొండ మీద కోదండరాముడి విగ్రహం తలను డిసెంబర్ 28 రాత్రి ఎవరో తెగ్గొట్టారు. తల దగ్గర్లోని కొలనులో దొరికింది. రామతీర్థం మామూలు ఊరు కాదు. పక్కనే ఉన్న గురుభక్తులకొండ మీద బౌద్ధ విహారాల శిథిలాలు, జైన శిల్పాలు ఉన్నాయి. మూడు మతాలు వంతులవారీగా బతికిన కొండలవి. అలాంటి చోటికి జనవరి మొదట్లో రాజకీయ నాయకులు ఒకరి వెనక ఒకరు బయల్దేరారు. బందోబస్తు, నినాదాలు, రాళ్లు. అంతకుముందు సెప్టెంబర్‌లో అంతర్వేది రథం కాలిపోయిన మంట ఇంకా చల్లారలేదు. ఎవరు చేశారో తేలకముందే ఎవరు చేసి ఉంటారన్నది ఫోన్లలో తిరిగింది.

ప్రభుత్వం ప్రత్యేక దర్యాప్తు బృందాన్ని వేసింది. గుళ్లలో సీసీ కెమెరాలు, ఊళ్లలో రక్షణ దళాలు అన్నది. 2021 జనవరిలోనే మత సామరస్య కమిటీలను ప్రకటించింది: రాష్ట్ర స్థాయిలో ప్రధాన కార్యదర్శి, జిల్లాల్లో కలెక్టరు అధ్యక్షులుగా, పోలీసు అధికారులు, ఒక్కో మతం నుంచి ప్రతినిధులు సభ్యులుగా. కొండ మీద కొత్త గుడి కట్టి 2022 ఏప్రిల్‌లో విగ్రహాలను ప్రతిష్ఠించారు. ఆ ఆలయ ఉదంతం పెద్ద మత కలహంగా మారలేదు. అందుకు కమిటీలను మెచ్చుకోవాలా? అవి ఏర్పడేనాటికే ఉద్రిక్తత తగ్గుముఖం పట్టింది. ఉత్తరాంధ్ర పల్లెల్లో పక్కింటి పాస్టరు, గుడి పూజారి, దర్గా ముజావరు ఒకే సంతలో కూరగాయలు బేరమాడే మనుషులు. రాజధానిలో రాసిన జీవో కన్నా ఆ సంతకే ఎక్కువ పేరు రావాలి.

ఆ కమిటీల లోపం వాటి కూర్పులోనే ఉంది. మతానికో ప్రతినిధి అనగానే మనిషి మతంగానే గదిలోకి వస్తాడు. హిందూ ప్రతినిధి, ముస్లిం ప్రతినిధి, క్రైస్తవ ప్రతినిధి అని రాసిన కుర్చీలో కూర్చున్నవాడు ఆ పేరుకు తగ్గట్టే మాట్లాడాలి. పూర్ణా మార్కెట్ పండ్ల వ్యాపారుల నుంచి, ఆటో స్టాండు నుంచి, పోర్టు యూనియన్ నుంచి, డ్వాక్రా సంఘం నుంచి మనుషులను పిలిస్తే మూడు మతాలూ ఎలాగూ వస్తాయి, అయితే పని పేరుతో వస్తాయి. కార్మికేల్ చెప్పిన షావుకారు, తండేలు కోర్టుకు వెళ్లింది కూడా ఓడ యజమాని, ఓడ నడిపేవాడు అన్న హోదాలోనే.

విశాఖలో నిజంగా ఎక్కడ గీతలున్నాయో చూస్తే ఇది ఇంకా తేటపడుతుంది. 2022 జనవరి మొదటి వారంలో నగర తీరాన పడవలు తగలబడ్డాయి, 144వ సెక్షన్ పెట్టారు. కారణం రింగువలలు. కొన్ని గ్రామాల మత్స్యకారులు రింగువలలతో వేటాడుతున్నారనీ, దాంతో తమ చేప పోతోందనీ సంప్రదాయ వేటగాళ్లు అడ్డుపడ్డారు. రెండు వైపులా ఒకే మతం, చాలావరకు బంధుత్వాలు కూడా. తీరంలో పికెట్లు, మంత్రుల దగ్గర చర్చలు, పెద్దల పంచాయితీలు. పోలీసు మధ్యవర్తి కాలేడు, మత్స్యశాఖ రాయని గీతను లాఠీతో గీయలేడు. కానీ జాలారి పెద్దలతో ముందునుంచీ పరిచయం ఉన్న ఎస్సైకి పడవలు కాలకముందు కబురు అందే అవకాశం ఉంటుంది. మత కలహమైనా వల కలహమైనా కబురు ముందుగా అందడమే సగం పని. కబురు నమ్మినవాడికే చెబుతారు.

ఇందులో పౌర సమాజం చేయాల్సిన పనీ ఉంది, అది చిన్నది కాదు. శాంతి కమిటీని పోలీసు పిలిస్తేనే వచ్చే సభగా ఉంచినంతకాలం అది పోలీసుదే. యూనియన్లు, కాలనీ సంఘాలు, వర్తక సంఘాలు, బార్ అసోసియేషన్ తామే పిలిచి, ఎస్సైని సభ్యుడిగా కూర్చోబెడితే ఆ కమిటీకి వేరే బరువు వస్తుంది. అప్పుడు పోలీసు తప్పు చేసిన రోజున అడిగే నోరు కూడా ఆ గదిలో ఉంటుంది. నిందితుడి మతాన్ని బట్టి కేసు నడిచిందనిపిస్తే అక్కడే అడగవచ్చు. ఫోన్‌లో తిరిగే వీడియో నిజమో కాదో అక్కడే తేల్చుకోవచ్చు. పోలీసుకు భజన చేసే పెద్దమనుషుల వల్ల పోలీసుకే నష్టం. ఎందుకంటే పేట వాళ్లను నమ్మదు, పేట నమ్మనివాడి మాట అల్లరి రోజున చెల్లదు.

విశాఖకు ఇది కొత్తగా కనిపెట్టాల్సిన పని కాదు. ఉక్కు ఉద్యమం నాడు అన్ని పార్టీలను కూర్చోబెట్టిన అలవాటు ఉంది. 2021 నుంచి కర్మాగారం ప్రైవేటీకరణకు వ్యతిరేకంగా కూర్మన్నపాలెంలో దీక్షా శిబిరం నడిపిన యూనియన్ల పట్టుదల ఉంది. అక్కడ ఎర్రజెండా, మూడు రంగుల జెండా, ఇంకా ఏవేవో జెండాలు ఒకే పందిరి కింద కనిపించాయి. బందోబస్తుకు వచ్చిన కానిస్టేబుళ్లు కూడా ఆ పందిరి పక్కనే గంటలు గడిపారు. ఈ నగరానికి ఉన్న ఆస్తి ఇదే. కాంట్రాక్టు కూలి పెరిగి, యూనియన్ సభ్యత్వం తరిగి, కళాసీల ముఠాల చోటికి క్రేన్లు, కంటైనర్లు వచ్చాక ఆ ఆస్తి కరుగుతోంది. పక్కపక్కన పనిచేసే చోట్లు తగ్గి, పక్కపక్కన స్క్రోల్ చేసే చోట్లు పెరిగాయి. మూడు కొండలు ఉన్నాయి కదా అని నిశ్చింతగా ఉండటానికి లేదు. కొండలు 1990లో హైదరాబాద్‌కూ ఉన్నాయి, చార్మినారూ ఉంది.

ఈ వ్యాసం చదివే విశాఖవాసులకు ఒక విన్నపం. మీ స్టేషన్ పరిధిలో శాంతి కమిటీ ఉందా, అందులో ఎవరెవరున్నారు, చివరిసారి ఎప్పుడు కూర్చున్నారు అని ఈ నెలలో ఒకసారి వెళ్లి అడగండి. చవితికీ, మొహర్రానికీ, క్రిస్మస్‌కూ సంబంధం లేని నెలలో ఒక సమావేశం పెట్టమనండి. అజెండాలో మతం వద్దు, మీ వీధి కాలువో, మందు దుకాణమో, ట్రాఫిక్కో చాలు. జాబితాలో ఆడవాళ్లు, కూలి పని చేసేవాళ్లు లేకపోతే వాళ్ల పేర్లు మీరే రాయించండి.